రెండు పొట్టి పలకలు

వీధిలో అందరూ అతన్ని రసమట్టం అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆ సంగతి అతనికి తెలుసు. టీ కొట్టులో కూర్చున్నా జేబులోంచి జానెడు రసమట్టం తీసి బల్ల మీద పెట్టి, లోపలి బుడగ ఎటు జరిగిందో చూసి, ఎడమకి వాలిందనో కుడికి వాలిందనో చెబితే గానీ గ్లాసు ముట్టుకోని మనిషికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెట్టగలరు? టీ కొట్టువాడు మొదట్లో చిరాకుపడ్డాడు, తర్వాత నవ్వాడు, చివరికి ఆ బల్ల కాలికింద అట్టముక్క మడిచి పెట్టాడు.

అతను చేసేది చెక్కా రెజినూ కలిపిన బల్లలు. మానును నిలువునా కోసిన రెండు చెక్కల మధ్య ఖాళీ వదిలి, ఆ ఖాళీలో రెజిన్ అనే చిక్కటి జిగురుద్రవం పోస్తారు. అది గట్టిపడ్డాక చూస్తే రెండు గట్ల మధ్య ఏరు పారుతూ పారుతూ ఆగిపోయినట్టు ఉంటుంది. చూడవచ్చిన వాళ్ళు ఆ ఏటినే చూస్తారు, చేత్తో నిమురుతారు, ఫోటోలు తీసుకుంటారు. దాన్ని గట్టిపడేదాకా పట్టి ఉంచిన అచ్చు సంగతి ఎవరికీ పట్టదు. పోసేవాడికి మాత్రం ఏడుపంతా అచ్చుతోనే. వెంట్రుకంత సందు దొరికినా రెజిన్ కారిపోతుంది. కారకపోతే అచ్చుకే అంటుకుపోతుంది.

చాలామంది ప్లైవుడ్‌తో పెట్టెలా బిగించి, లోపలంతా టేపు అతికించి పోస్తారు. బల్ల బయటికొచ్చేసరికి ఆ పెట్టె ముక్కలవుతుంది. మళ్ళీ బల్ల, మళ్ళీ పెట్టె. ఈ గోల పడలేక, అన్నదమ్ములిద్దరూ కలిసి పనిచేసే రోజుల్లో, రసమట్టమూ అతని తమ్ముడూ ఒక వానాకాలమంతా కూర్చుని ఎన్నిసార్లయినా వాడుకోగలిగే అచ్చు ఒకటి చేశారు. కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక ఉంటుందే, అదే సరుకు, కాకపోతే రెండు వేళ్ళ మందం. రెజిన్ దానికి అంటుకోదు. ఎనిమిదడుగుల అడుగుపలక ఒకటి, దాని చుట్టూ రెండు పొడుగు పలకలు, రెండు పొట్టి పలకలు. మరలు బిగించి, మూలల్లో సందులు మూసే సిలికాన్ రాస్తే పెట్టె. మరలు విప్పి రబ్బరు సుత్తితో నాలుగు తట్లు తడితే బల్ల బయట. ఏ పలక ఎటో తడబడకుండా అన్న పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేశాడు. తమ్ముడు పట్టుకుంటే అన్న రంధ్రం చేశాడు, అన్న పట్టుకుంటే తమ్ముడు మర బిగించాడు. ఆ అచ్చులో వాళ్ళు ఎన్ని బల్లలు పోశారో ఇద్దరికీ లెక్కలేదు.

విడిపోవడానికి కారణం ఒక్క పోత. అన్న భోజనానికి వెళ్ళినప్పుడు, తొందరగా ఒప్పజెప్పాలని తమ్ముడు మూడు దఫాలుగా పోయాల్సిన రెజిన్‌ని ఒకే దఫా పోసేశాడు. మందంగా పోస్తే రెజిన్ తనలో తనే ఉడికిపోతుంది. పొగ లేచింది, ఏరు నిలువునా బీటలు వారింది, పక్కన చెక్క విచ్చుకుంది. అన్న తిరిగి వచ్చేసరికి బల్ల తాలూకు వాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు, మరదలి ముందు, అతను నోరు జారాడు.

"నీకు పని రాదురా. ఇన్నేళ్ళూ నా పక్కన నిలబడ్డావు కాబట్టి వచ్చినట్టు కనపడింది."

తమ్ముడు గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. వారం తిరక్కుండా తన వాటా అడిగాడు.

పంపకం చేయడానికి అక్కా బావా వచ్చారు. రంపాలు, చిత్రికలు, చెక్కని కదలకుండా పట్టే బిగింపులు అన్నీ జతలుగానే ఉండేవి కనక పేచీ రాలేదు. అచ్చు ఒక్కటే. నువ్వే ఉంచుకో అన్నాడు తమ్ముడు, మొహం అటు తిప్పుకుని. నాకెందుకు, నువ్వే పట్టుకెళ్ళు అన్నాడు అన్న, గోడకేసి చూస్తూ. గంటసేపు ఇలా ఒకరి మీదికి ఒకరు తోసుకున్నారు. బావకి ఒళ్ళు మండింది. అడుగుపలకా పొడుగు పలకలూ పెద్దవాడికి, పొట్టి పలకలూ మరలూ చిన్నవాడికి అని తీర్పు చెప్పేసి లేచాడు. ఒకడిది లేకుండా ఇంకొకడికి పనికిరాదు కాబట్టి ఏడాది తిరిగేలోగా కలవక చస్తారా అని ఆయన లెక్క. ఈ తెలివితేటల గురించి ఆయన తర్వాత చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

అసలు సంగతేమిటంటే, రెండు పొట్టి పలకలు కోసుకోవడం ఏమంత పని? ఆ ప్లాస్టిక్ ముక్కలు అన్న కొట్లోనే మూల పడి ఉన్నాయి. రంపం మీద పెట్టి లాగితే అయిపోయే దానికి అతను రెండేళ్ళు పట్టుదల పట్టాడు. తన సగాన్ని కిటికీ లేని గోడకి ఆనించి, మీద దుప్పటి కప్పాడు. వారానికోసారి దుప్పటి తీసి దుమ్ము దులిపేవాడు. బల్లలకి మాత్రం ప్లైవుడ్ పెట్టెలే బిగించాడు, టేపులే అతికించాడు, పగలగొట్టి పారేశాడు. ప్లైవుడ్ కొట్టాయన అతన్ని చూడగానే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు, ఇలాంటి వాళ్ళు ఇంకో నలుగురుంటే మా పిల్లల చదువులు గట్టెక్కినట్టే అని నవ్వేవాడు. అతనూ నవ్వేవాడు. ఆ రెండు ముక్కలూ కోసేస్తే తమ్ముడికి తనతో ఉన్న చివరి పని తెగిపోతుందని ప్లైవుడ్ కొట్టాయనకి ఎలా చెబుతాడు?

అతను పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, ముందు మా తమ్ముడు స్థిరపడనీ అనేవాడు. వీడు స్థిరపడ్డాడు, వీడికి ఇద్దరు పిల్లలు పుట్టారు, స్కూళ్ళకి వెళ్ళారు, ఇప్పుడు వీడు బస్సులో మూడు గంటల దూరంలో ఉన్నాడు. అందరూ కలిసి ఉన్న రోజుల్లో కొట్టు వెనక గది ఇరుకు. ఒకటే స్నానాల గది కోసం ఆరుగురు కాచుకుని కూర్చున్నట్టుండేది, నిజానికి ఉన్నది ఐదుగురే. ఇప్పుడు తువ్వాలు ఎక్కడ ఆరేసినా ఆరేసిన చోటే ఉంటుంది. అందుకు అతనికి ఎంత దిగులు వేసేదో!

అన్నిటికన్నా కష్టం మట్టం చూడటం. అచ్చు ఒక చివర రసమట్టం పెట్టి చూస్తుంటే, రెండో చివర ఎవరో ఒకరు కింద సన్నటి చెక్క చీలిక దూర్చి ఎత్తాలి. ఒక్కడే అయితే ఇటు చూసి, అటు వెళ్ళి దూర్చి, మళ్ళీ ఇటొచ్చి చూడాలి. ఒక్క బల్లకి పాతికసార్లు తిరిగేవాడు. అలవాటు కొద్దీ, ఆ మూల కాస్త ఎత్తరా అని అనేసేవాడు అప్పుడప్పుడు. అనేసి, తనే అటు నడిచేవాడు.

తమ్ముడు పండక్కో పబ్బానికో ఫోన్ చేసేవాడు. బాగున్నావా అంటే బాగున్నా అనుకునేవాళ్ళు, పిల్లలు హలో అనేవాళ్ళు, పెట్టేసేవాళ్ళు. అచ్చు మాట అన్నా ఎత్తలేదు, తమ్ముడూ ఎత్తలేదు. వాడూ తన రెండు పలకలకి దుప్పటి కప్పి, ఎవరు ముందు అడుగుతారా అని బెట్టు చేస్తున్నాడని అన్న నమ్మాడు. ఒకే కడుపున పుట్టినవాళ్ళం, నా మొండితనం వాడికి రాకుండా ఎక్కడికి పోతుంది అనుకునేవాడు. ఆ నమ్మకం మీదే రెండేళ్ళు గడిపాడు.

అప్పుడు లైబ్రరీ వాళ్ళు వచ్చారు. చదువుకునే గదిలోకి ఎనిమిదడుగుల బల్లలు మూడు కావాలి, మూడూ ఒకే కొలతలో, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు అన్నారు. విడివిడిగా బిగించిన ప్లైవుడ్ పెట్టెల్లో అది కుదిరే పని కాదు. లైబ్రరీ ఆవిడ మాట్లాడుతుండగానే అతని మనసు దుప్పటి మీదికి పోయింది. అడగడానికి పెద్దమనిషి తరహా కారణం దొరికింది. నేను వచ్చి అడిగినట్టు ఉండదు, పని వచ్చి అడిగించినట్టు ఉంటుంది అనుకున్నాడు. ఆవిడ వెళ్ళిన మరుక్షణం బావకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. చెప్పానా లేదా అని బావ అవతల ఎగిరి గంతేశాడు.

తమ్ముడికి చేస్తే మరదలు ఎత్తింది.

"పోత మీద ఉన్నారు బావగారూ. మధ్యలో వదిలి రాలేరు కదా. అయ్యాక చేయమని చెప్పనా?"

వద్దులేమ్మా, నేనే వస్తాను అన్నాడు. అనుకోకుండా అనేసిన మాట అది. అని, చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని హుషారుగా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. సంచీలో కొలత టేపు, పలకలు చుట్టుకురావడానికి మెత్తటి గుడ్డ, కట్టడానికి తాడు పెట్టుకున్నాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ముందు లైబ్రరీ సంగతి చెప్పాలి. నీ పలకలు ఇవ్వమని అడక్కూడదు, నువ్వే తీసుకురా, ఆ మూడు బల్లలూ ఇద్దరం కలిసి పోద్దాం అనాలి. పోతల మధ్య ఖాళీలో, ఆ రోజు నేనన్న మాట తప్పురా అని చెప్పాలి. మొదటి పోతకి చెప్పాలో మూడో పోతకి చెప్పాలో తేల్చుకోలేకపోయాడు. పక్క సీటాయన ఏమిటండీ అని రెండుసార్లు అడిగాడు, పైకే గొణుగుతున్నాడు కాబోలు.

తమ్ముడి కొట్టు ఊరి చివర రేకుల షెడ్డు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని, ఒళ్ళంతా చెక్కపొట్టుతో తమ్ముడు బయటికొచ్చాడు. అన్నని చూడగానే మాస్కు కిందికి లాగి మొహమంతా నవ్వాడు. కాస్త ఒళ్ళు చేశాడు. మరదలు కుర్చీ తుడిచి వేసింది, టీ తెస్తానని లోపలికెళ్ళింది. పిల్లలు స్కూల్లో ఉన్నారు, సాయంత్రం దాకా ఉంటే చూడొచ్చు అన్నాడు తమ్ముడు. ఇంత ఆదరంగా ఉంటారని అతను అనుకోలేదు. కూర్చుకున్న మాటల్లో మొదటిది నోటి దాకా వచ్చింది.

అప్పుడు షెడ్డు మధ్యలో ఉన్నదాన్ని చూశాడు.

ఎనిమిదడుగుల అచ్చు. నిండా పోత, నిన్నటిది, ఇంకా గట్టిపడుతోంది. అడుగుపలక ఉంది, పొడుగు పలకలు రెండూ ఉన్నాయి. అవి కొత్తవి కూడా కావు, ఎన్నో పోతలు చూసి గీతలు పడ్డవి. ఈ చివరా ఆ చివరా బిగించిన పొట్టి పలకలు మాత్రం రంగు తిరిగి పచ్చబడ్డాయి. దగ్గరికెళ్ళి వంగి చూశాడు. ఒకదాని మీద పెన్సిలుతో రెండు, ఇంకోదాని మీద నాలుగు. తన రాతే.

ఈ అడుగుపలక ఎప్పటిది అని అడిగాడు. ఇక్కడికొచ్చిన వారంలోనే చేసుకున్నానని చెప్పాడు తమ్ముడు, పని ఆగకూడదు కదా అని. పెద్ద పలక దొరకడానికే కాస్త తిరగాల్సి వచ్చిందట. మరదలు ఒక పక్క పట్టుకుంటే తను రంధ్రాలు చేశాడట.

"నీదెలా ఉందన్నయ్యా? నీకు పొట్టివి రెండే కదా కావాల్సింది, వెంటనే చేసుకునుంటావు."

అతను నడుం ఎత్తి నిలబడ్డాడు. చేసుకున్నాను, ఎప్పుడో చేసుకున్నాను అన్నాడు.

తమ్ముడు తలూపాడు. అబద్ధమని వాడికి తట్టనైనా తట్టలేదు. పైగా, ఈ రెండూ నీ చేత్తో అంకెలు వేసినవి, కావాలంటే ఈ బల్ల లేచాక విప్పి పంపిస్తాను, నేను వేరేవి కోసుకుంటాను, అరగంట పని అన్నాడు. ఎంతో తేలిగ్గా, ఎంతో ప్రేమగా అన్నాడు. ఇవ్వను పొమ్మన్నా బాగుండేది. పోట్లాడి, అరిచి, ఇన్నాళ్ళకి అడగడానికొచ్చావా అని నిలదీసినా ఆనందపడి ఉండేవాడు. సంచీలో తాడూ గుడ్డా కనపడకుండా దాని మూతి బిగించి, కుర్చీ కిందికి తోశాడు.

చేతులు ఊరుకోవు కదా, జేబులోంచి రసమట్టం తీసి అచ్చు అంచు మీద పెట్టాడు. ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు. బుడగ నట్టనడుమ నుంచి కదల్లేదు. పోత అద్దంలా ఉంది, ఒక్క పొక్కు లేదు. చిన్నప్పుడు వీడికి రంపం పట్టుకోవడం నేర్పింది తనే. వీడి పని తన పనిని దాటిపోయింది. గర్వమూ దిగులూ ఒకేసారి పైకొచ్చి, ఏది ముందు అనుభవించాలో తెలియలేదు.

"మట్టంగానే ఉందిరా," అన్నాడు.

తమ్ముడు పగలబడి నవ్వాడు. రసమట్టం తమ్ముణ్ణి కదా అన్నాడు. వీధిలో పేరు వీడికి కూడా తెలుసన్నమాట.

టీ వచ్చింది. ఇద్దరూ అచ్చుకి చెరో పక్కా కూర్చున్నారు. ఇంక దాచుకుని లాభం లేదని అతను గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ఆ రోజు నేనన్న మాట..."

"ఏ రోజు?"

"ఆ బీటలు వారిన బల్ల రోజు."

తమ్ముడు నిజంగానే ఆలోచించాడు. కళ్ళు చికిలించి, నుదురు గోక్కుని ఆలోచించాడు. బల్ల గుర్తుంది వాడికి, పొగ గుర్తుంది, మాట గుర్తు రాలేదు.

"రోజుకి పది అనేవాడివి అన్నయ్యా. ఏదని గుర్తుపెట్టుకోను?"

ఎత్తిపొడుపేమీ లేదు అందులో. మరదలు నవ్వింది, వీడూ నవ్వాడు, అతనూ నవ్వక తప్పలేదు. రెండేళ్ళుగా నిద్రలో కూడా మోసిన మాట అది. దించుకోవడానికి చోటే లేదక్కడ. వేరు పడటం మంచిదే అయిందన్నయ్యా, నీ పక్కనే ఉండిపోయుంటే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు అని కూడా అన్నాడు తమ్ముడు. కృతజ్ఞతగానే అన్నాడు.

భోజనం చేసి వెళ్ళమన్నారు, చేశాడు. ఇంతకీ ఏం పని మీద వచ్చావని అప్పుడడిగాడు తమ్ముడు. ఊరికే అన్నాడతను. ఊరికేనా, నువ్వా, అని ఇద్దరూ ఆశ్చర్యపోయారు. పుట్టి బుద్ధెరిగాక అన్న పని లేకుండా గడప దాటడం వాడు చూడలేదు. ఈ పక్కన పని ఉండి వచ్చాన్లే అని సర్దుకున్నాడు. లైబ్రరీ మాట ఎత్తలేదు. బస్సు దాకా తమ్ముడు బండి మీద దించాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"పని పడితే వస్తాను."

పిల్లలు స్కూలు నుంచి రాకముందే బస్సు కదిలింది.

మర్నాడు పొద్దున పదిన్నరకి అతను దుప్పటి తీశాడు. మూల పడి ఉన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి లాగి, కొలిచి, గీత గీసి, రంపం మీద పెట్టాడు. తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ళ మీద పడింది. పట్టుకునే మనిషి లేడు కనక ఆ చివర బిగింపు వేసి, ఈ చివర మోకాలు ఆనించి రంధ్రాలు చేశాడు. పెన్సిలుతో రెండు అనీ నాలుగు అనీ వేశాడు. మరలు బిగించాడు, మూలల్లో సిలికాన్ రాసి వేలితో నున్నగా లాగాడు. చిన్నవాడు అరగంట అన్నాడు, ఒక్కడే చేశాడు కాబట్టి ఇంకో పది నిమిషాలు పట్టింది.

అలవాటుగా తమ్ముడికి చెబుదామని ఫోను తీశాడు. నంబరు దాకా వెళ్ళి ఆగాడు. ఏమని చెబుతాడు? పలకలు అడగడానికి లేదు. అచ్చు సంగతి మాట్లాడుకుందామనడానికి లేదు. ఎప్పుడో చేసుకున్నానని నిన్ననే చెప్పాడు. రెండేళ్ళుగా వాణ్ణి పిలవడానికి అతని దగ్గర ఒకే ఒక్క కారణం ఉండేది, దాన్ని ఇప్పుడే పన్నెండు మరలేసి బిగించేశాడు.

ఫోను కింద పెట్టి, సిలికాన్ ఆరిందో లేదో వేలితో తాకి చూశాడు. ఇంకా ఆరలేదు. రేపటిదాకా ఆగాలి.